ముంగటి బ్రేక్ ప్యాడ్లు, డిస్కులు ఇంటికాడనే మార్చుకునుడు ఎట్ల

పోయిన ఎండకాలం ఇంటిల్లిపాది శ్రీశైలం పోయినం, దేవరకొండ నుంచి డిండి మీదికెళ్లి, మన్ననూర్ దాటి అడివిల నుంచి. దోమలపెంట దాకా బండి మంచిగనే నడిచింది గని అక్కడికెళ్లి కృష్ణ దిక్కు ఘాట్ దిగుడు షురువైనంక బ్రేక్ తొక్కినప్పుడల్లా స్టీరింగ్ చేతుల గడగడ వణుకుడు, నాలుగైదు మలుపులు తిరిగేసరికి కాలిన వాసన, ఇంక కిందికి పోంగ పెడల్ మెత్తగయ్యి లోపలికి పోతున్నట్టు అనిపించింది. ఎనక సీట్ల అమ్మ, పిల్లలు ఉన్నరు. నేను ఏం మాట్లాడలే, సెకండ్ గేర్లకు దించి, జాగ ఉన్నకాడ పక్కకు ఆపి, అర్ధగంట బండి సల్లారేదాకా కూసున్నం. ఎడమ దిక్కు ముంగటి చక్రం దగ్గరికి చెయ్యి పెడితే సెగ కొడుతుంది, కుడి దిక్కుది మామూలు వేడి. అప్పుడే సమజైంది, ఒక్క దిక్కే బ్రేక్ పట్టుకోని ఉంటుందని.

అసలు బాధ ఏందంటే బ్రేక్ ప్యాడ్లు (చక్రం తోని తిరిగే ఇనుప డిస్క్‌ను రెండు దిక్కులా నొక్కి బండిని ఆపే బిళ్లలు) అంతకు ఎనిమిది నెలల ముందే కొత్తవి ఏపిచ్చినం, ఒక షాపుల, గంటల పని అయిపోయింది, పైసలు ఇచ్చి వచ్చినం. ఇంటికి వచ్చినంక నేనే ఇప్పి చూసిన. ఎడమ దిక్కు లోపలి ప్యాడ్ ఇనుప రేకు కనపడేదాకా అరిగింది, దాని ఎదురుగ ఉన్న బయటి ప్యాడ్ మాత్రం ఇంకా సగం కంటే ఎక్కువే ఉన్నది. కాలిపర్ (ప్యాడ్లను డిస్క్ మీద నొక్కే పట్టకారు లాంటి భాగం) జరగనీకి ఉన్న పిన్ను గుంజితే రాదు, తిప్పి తిప్పి గుంజితే వచ్చింది, దాని మీద గ్రీజు ఎండిపోయి మాడిన బెల్లం పాకం లెక్క నల్లగ అతుక్కొని ఉన్నది. అంటే ప్యాడ్లు మార్చినోళ్లు పిన్నును ముట్టలే. పాతవి తీసిండ్రు, కొత్తవి దూర్చిండ్రు, అంతే. అందుకే నేను ఈ పని నేర్చుకున్న, ఇప్పటికి మా ఇంటి బండికి, చిన్నాయిన బండికి, బామ్మర్ది బండికి కలిపి ఐదారుసార్లు చేసిన, నాకు తెలిసింది మొత్తం రాస్తున్న. ముందే ఒక మాట చెప్పాలె, ఈ పనిల ప్యాడ్లు డిస్కులు మార్చుడు పావు వంతు, తుడుసుడు రుద్దుడు గ్రీజు పెట్టుడు ముప్పావు వంతు. ఆ ముప్పావే చాలామంది వదిలేస్తరు.

ఎప్పుడు మార్చాలె అంటే, కొత్త ప్యాడ్‌కు ఇనుప రేకు కాకుండా అరిగే మందు భాగం దాదాపు 10 మిల్లీమీటర్ల దగ్గర ఉంటది, అది 3 మిల్లీమీటర్లకు వచ్చిందంటే ఇంక ఆగొద్దు. చాలా ప్యాడ్లకు ఒక చిన్న రేకు నాలుక ఉంటది, ప్యాడ్ అరిగినంక అది డిస్క్‌కు తాకి కీచుమని సప్పుడు చేస్తది, అది మనకు చెప్పడానికే పెట్టింది. కీచు సప్పుడు పోయి గరగర ఇనుము మీద ఇనుము రాసినట్టు వస్తుందంటే అప్పటికే ఆలస్యమైందన్నట్టు, డిస్క్ కూడా ఖరాబ్ అయితది. డిస్క్ సంగతి వేరే, దాని మీద గని, నడుమ టోపీ లెక్క ఉన్న భాగం మీద గని కనీస మందం ఎంతనో అచ్చు కొట్టి ఉంటది, వెర్నియర్ కాలిపర్ (మందం కొలిచే పనిముట్టు, బ్రేక్ కాలిపర్ వేరే) తోని కొలిచి చూడాలె. అంచు మీద పెట్టి కొలవొద్దు, అక్కడ ప్యాడ్ తాకదు కాబట్టి పొలం ఒడ్డు లెక్క ఎత్తుగ మిగిలి ఉంటది, లోపలికి ప్యాడ్ రాసే జాగల నాలుగైదు చోట్ల కొలవాలె. కనీస మందానికి దగ్గరికి వచ్చినా, లోతు గీతలు పడ్డా, నీలం మచ్చలు కనపడ్డా మార్చుడే మంచిది. లేత్ మీద రాయించి వాడుకుందాం అని కొందరు అంటరు, మందం మంచిగ ఉంటే నడుస్తది, కాకపోతే చిన్న కార్ల డిస్క్ అసలే పల్చన, రాయిస్తే ఇంకా పల్చనయ్యి తొందరగ వేడెక్కుతది. నేనైతే కొత్తయే ఏస్త.

ఇంకోటి, మార్చేటప్పుడు రెండు దిక్కులా మార్చాలె. ఒక్క దిక్కు మారిస్తే పైసలు మిగులుతయి అని చూస్తే బ్రేక్ తొక్కినప్పుడు బండి ఒక దిక్కు గుంజుతది, వానల అయితే ఇంకా పరేషాన్.

సామాన్లు కొనేటప్పుడు బండి ఆర్‌సీ తీస్కపోవాలె, ఒకటే పేరు బండికి సంవత్సరాన్ని బట్టి, పెట్రోల్ డీజిల్‌ను బట్టి వేరే వేరే డిస్కులు వస్తయి. షాపులనే డబ్బా ఇప్పి పాతదాని ఫోటో పక్కన పెట్టి చూస్కోండ్రి, నట్ల బొక్కలు ఎన్ని, టోపీ ఎత్తు ఎంత అని. ప్యాడ్ల తోని కొత్త క్లిప్పులు వస్తే మంచిది, రాకపోతే అడిగి కొనుండ్రి. డిస్కులు రెండు, ప్యాడ్ల సెట్టు ఒకటి, బ్రేకులకు వాడే సిలికాన్ గ్రీజు చిన్న ట్యూబు, బ్రేక్ క్లీనర్ స్ప్రే రెండు డబ్బాలు, బ్రేక్ ఆయిల్ ఒక కొత్త సీల్ డబ్బా. ఆయిల్ రకం డాట్ 3 వాడాల్నా డాట్ 4 వాడాల్నా అనేది బండి ఆయిల్ ట్యాంక్ మూత మీదనే రాసి ఉంటది. ఇంట్ల మూత తీసి పెట్టిన పాత డబ్బా మాత్రం వాడొద్దు, బ్రేక్ ఆయిల్ గాలిల ఉన్న తేమను గుంజుకుంటది.

పనిముట్లు పెద్దగ ఏం అక్కర్లేదు. వీల్ పానా, గోటీ సెట్టు, పొడుగు రాడ్, సి క్లాంప్ (సి అక్షరం లెక్క ఉండి మర తిప్పి నొక్కేది), వైర్ బ్రష్, సాన్ పేపర్, సుత్తె, కట్టుడు తీగ, పాత బట్టలు. టార్క్ రెంచి (ఎంత గట్టిగ బిగించినమో లెక్క చూపే పానా) కూడా ఉండాలె, ఇది లేకుంటే అడిగి తెచ్చుకోండ్రి, నేను మొదట్ల అంచనా మీద బిగించిన, ఇప్పుడు చెయ్య. కాలిపర్ పిన్ను బోల్టులకు చాలా చిన్న కార్లల్ల 12 గని 14 గని సైజు గోటీ, ప్యాడ్లు కూసునే బ్రాకెట్ బోల్టులకు 17 సైజు పడ్తది, మీ బండికి ఏది పడితే అది చూస్కోండ్రి. తప్పకుండ ఉండాల్సింది జాకీ స్టాండ్లు, అంటే లేపిన బండిని కింద నుంచి మోసే ఇనుప కాళ్లు. బండి తోని వచ్చే జాకీ టైర్ మార్చుకునేదాక పనికొస్తది గని, దాని మీద బండిని నిలబెట్టి కింద చేతులు పెట్టి గంటలు గంటలు పని చేసేదానికి కాదు. సిమెంట్ ఇటుకలు పేర్చి నిలబెట్టుడు నేను చాలాచోట్ల చూసిన, దయచేసి చెయ్యకండ్రి, సిమెంట్ ఇటుక పగిలేముందు చెప్పదు, ఒక్కసారే పొడి పొడి అయితది.

జాగ సమానంగ ఉండాలె. మన దిక్కు వాకిట్ల మట్టి ఉంటది లేకుంటే షాబాద్ బండలు ఉంటయి, మట్టిల జాకీ కుంగుతది, బండల మీద జారుతది, రెండిట్ల ఏదైనా కింద మందమైన చెక్క పలక ఒకటి ఏసుకోవాలె. ఎండకాలమైతే పొద్దుగాల ఆరింటికే మొదలుపెట్టుండ్రి, నల్లగొండ ఎండల పది దాటితే పానాలు ముట్టుకుంటే చెయ్యి కాలుతది, చెమట కళ్లల్ల పడుకుంట బోల్టు బిగించుడు మంచిది కాదు. బండి రాత్రి నుంచి నిలబడి ఉండాలె, అప్పుడే నడిపొచ్చిన బండి డిస్క్ మీద చెయ్యి పెడితే చర్మం ఊడుతది.

హ్యాండ్ బ్రేక్ గుంజి, గేర్ల పెట్టి, ఎనక చక్రాలకు ముందు ఎనక గట్టి రాళ్లు పెట్టుండ్రి. బండి నేల మీద ఉన్నప్పుడే వీల్ నట్లు ఒక్కొక్క పట్టు వదులు చెయ్యాలె, పైకి లేపినంక రాడ్ ఏసి గుంజితే బండి ఊగుతది. తర్వాత లేపి, స్టాండ్ పెట్టి, బండిని చేతి తోని గట్టిగ ఊపి చూడాలె, కదిలితే మల్ల సక్కగ పెట్టాలె. తీసిన చక్రాన్ని బండి కిందనే అడ్డం పెట్టుండ్రి, ఏమన్న అయితే బండి చక్రం మీద పడ్తది, మన మీద కాదు. ఒక్కసారి ఒక్క దిక్కే ఇప్పాలె. దీనికి రెండు కారణాలు, ఒకటి, ఎట్ల బిగించాల్నో మర్చిపోతే రెండో దిక్కు పోయి చూసి రావొచ్చు, రెండోది, రెండు దిక్కులా కాలిపర్లు ఇప్పి ఒకదాని పిస్టన్ (ఆయిల్ బలానికి ప్యాడ్‌ను నూకే గుండ్రటి ముక్క) నొక్కితే ఆయిల్ అటు పోయి ఇంకోదాని పిస్టన్ బయటికి రావొచ్చు.

స్టీరింగ్ ఆ దిక్కుకు తిప్పుకుంటే కాలిపర్ ఎనక భాగం మంచిగ కనపడుతది. ఫోన్ల రెండు మూడు ఫోటోలు తీస్కోండ్రి, ముఖ్యంగ కీచుమనే రేకు నాలుక ఏ దిక్కు ప్యాడ్‌కు ఉన్నదో, పైకి ఉన్నదా కిందికి ఉన్నదా అని. ఏబీఎస్ (బ్రేక్ గట్టిగ తొక్కితే చక్రం పట్టేయకుండ చూసేది) ఉన్న బండికి హబ్ (డిస్క్, చక్రం కూసునే నడిమి భాగం) దగ్గర సన్న వైరు ఒకటి వస్తది, అది గుంజుకపోకుండ చూస్కోవాలె. కాలిపర్ ఎనక ఉన్న రెండు బోల్టుల్ల కిందిది తీసి కాలిపర్‌ను పైకి తిప్పొచ్చు, కాని మనం డిస్క్ కూడా తీస్తున్నం కాబట్టి రెండూ తియ్యాలె. తీసినంక కాలిపర్‌ను రబ్బర్ పైపు మీద వేలాడదియ్యొద్దు, దాని బరువుకు పైపు లోపల చీలుతది, బయటికి కనపడది, ఎప్పుడో ఒకరోజు బ్రేక్ పెయిలైతది. కట్టుడు తీగ తోని స్ప్రింగ్‌కు కట్టి పెట్టుండ్రి. ఆ పైపును కూడా అప్పుడే వంచి చూడుండ్రి, బీటలు కనపడితే మార్పియ్యాలె.

పాత ప్యాడ్లు తీసి పక్కపక్కన పెట్టి ఒక నిమిషం చూడాలె, పడేసుడు తర్వాత. మన చిన్న కార్లకు కాలిపర్ పిస్టన్ లోపలి దిక్కు ఒక్కటే ఉంటది, అది లోపలి ప్యాడ్‌ను నొక్కుతది, దాని ఎదురు బలానికి కాలిపర్ మొత్తం పిన్నుల మీద జరిగి బయటి ప్యాడ్‌ను గుంజుకొస్తది. పిన్నులు పట్టేస్తే కాలిపర్ జరగది, పని మొత్తం లోపలి ప్యాడ్ మీదనే పడ్తది. అందుకే లోపలిది బాగ అరిగి బయటిది మిగిలిందంటే తప్పు ప్యాడ్‌ది కాదు, పిన్నుది, లేకుంటే ఎనక్కి పోని పిస్టన్‌ది. ఒకటే ప్యాడ్ ఒక అంచు మందం ఒక అంచు పల్చన అరిగిందంటే బ్రాకెట్‌ల ప్యాడ్ చెవులు కూసునే జాగల జంగు పేరుకున్నట్టు. ఇవి చూడకుండ కొత్తవి ఏస్తే కొత్తవి కూడా అట్లనే అరుగుతయి, నా బండికి అయింది అదే.

ఇప్పుడు పిస్టన్ లోపలికి నొక్కాలె, కొత్త ప్యాడ్లు మందం ఉంటయి కదా. బానెట్ ఎత్తి బ్రేక్ ఆయిల్ ట్యాంక్ మూత తీసి చూడుండ్రి, ఆయిల్ పై గీత దాకా ఉంటే సిరంజి తోని కొంచెం తియ్యాలె, ఎందుకంటే పిస్టన్ నొక్కుతుంటే ఆయిల్ మల్ల ట్యాంక్‌లకే వస్తది, పొంగి కింద పడితే బండి పెయింట్ తినేస్తది. పడితే వెంటనే నీళ్లు పొయ్యాలె. తీసిన ఆయిల్ విషం, పిల్లలు, కోళ్లు, కుక్కలు మసిలే జాగల పెట్టొద్దు. పాత ప్యాడ్ ఒకటి పిస్టన్ మీద పెట్టి దాని మీద సి క్లాంప్ ఏసి మెల్లగ, చానా మెల్లగ తిప్పుకుంట నొక్కాలె. సక్కగ పోవాలె, వంకర పోవొద్దు. పిస్టన్ చుట్టూ ఉన్న రబ్బర్ చినిగి ఉన్నా, తడిగ ఆయిల్ కారినట్టు ఉన్నా, ఎంత నొక్కినా పోకున్నా అక్కడితోనే ఆపి మంచి మెకానిక్‌ను పిలవాలె, కాలిపర్ రిపేర్ అనేది వేరే పని. ఈ టైంల ఎవ్వరూ బ్రేక్ పెడల్ తొక్కొద్దు. మా తమ్ముడు పాటలు పెట్టనీకి బండ్ల కూసుని అలవాటు తోని పెడల్ మీద కాలు పెట్టిండు, పిస్టన్ సగం బయటికి వచ్చింది, ఇంకొంచెం తొక్కితే ఊడి పడి ఆయిల్ మొత్తం పోయేది. అప్పటినుంచి పని మొదలుపెట్టేముందు తాళంచెవి నా జేబుల ఏసుకుంట, పిల్లలను బండి దగ్గరికి రానియ్య.

డిస్క్ తియ్యాలంటే ప్యాడ్లు కూసునే బ్రాకెట్ ముందు తియ్యాలె, ఎనక దిక్కు రెండు పెద్ద బోల్టులు, గట్టిగ ఉంటయి, పొడుగు రాడ్ కావాలె. గుంజేటప్పుడు కాళ్లు సక్కగ పెట్టుకోండ్రి, బోల్టు ఒక్కసారి వదిలితే చెయ్యి పోయి బాడీకి తగుల్తది. తర్వాత డిస్క్. కొన్ని బండ్లకు డిస్క్ మీద రెండు చిన్న స్టార్ స్క్రూలు ఉంటయి, హ్యుందాయ్ బండ్లల్ల ఎక్కువ కనపడుతయి, మామూలు స్క్రూడ్రైవర్ పెట్టి తిప్పితే తల అరుగుతది, సుత్తె తోని కొట్టే ఇంపాక్ట్ డ్రైవర్ వాడాలె. మారుతి బండ్లల్ల డిస్క్ మీద స్క్రూలు లేకుండ మరలు ఉన్న రెండు బొక్కలు ఉంటయి, వాటిల్ల 8 మిల్లీమీటర్ల బోల్టులు రెండు ఏసి అటు కొంచెం ఇటు కొంచెం బిగించుకుంట పోతే డిస్క్ అదే హబ్‌ను వదిలేస్తది. ఎట్లైనా రాకపోతే జంగు వదిలించే స్ప్రే కొట్టి పావుగంట ఆగి టోపీ మీద, నట్ల బోల్టుల నడుమ సుత్తె తోని కొట్టాలె. పారేసే డిస్కే కాబట్టి కొట్టొచ్చు, కొత్తదాన్ని మాత్రం సుత్తె తోని ముట్టొద్దు.

ఇగ ఇక్కడికెళ్లి అసలు పని. డిస్క్ తీసినంక హబ్ ముఖం కనపడుతది, దాని మీద ఎర్రగ పొరలు పొరలుగ జంగు ఉంటది, ముఖ్యంగ నడుమ గుండ్రటి గట్టు చుట్టూ, నట్ల బోల్టుల అడుగుల. మన ఎర్ర దుమ్ము, వానాకాలం తడి కలిసి అక్కడ గట్టిగ పట్టుకుంటది. దీన్ని వైర్ బ్రష్ తోని, సాన్ పేపర్ తోని ఇనుము మెరిసేదాక రుద్దాలె. వేలు పెట్టి చుట్టూ తిప్పి చూస్తే ఎక్కడా గరుకు తగలొద్దు. ఇంత గట్టిగ ఎందుకు చెప్తున్ననంటే, హబ్ మీద వెంట్రుక మందం జంగు పొర మిగిలినా డిస్క్ అంత వంకర కూసుంటది, అంచు కాడికి వచ్చేసరికి ఆ వంకర ఇంకా పెరుగుతది. చాలా బండ్లకు డిస్క్ ఊగుడు 0.05 నుంచి 0.1 మిల్లీమీటర్ దాటొద్దని కంపెనీలే రాస్తయి, అంటే మనం ఎంత సన్నగ ఆలోచించాల్నో చూడుండ్రి. మొదటిరోజు ఏం తెల్వది, బ్రేక్ నున్నగ పడ్తది. కాని చక్రం తిరిగినప్పుడల్లా డిస్క్‌ల ఒక్క జాగ ప్యాడ్‌కు రాసుకుంట పోతది, కొన్ని వేల కిలోమీటర్లు తిరిగేసరికి ఆ జాగ మందం మారుతది, అప్పుడు స్టీరింగ్ వణుకుడు మొదలైతది. అందరూ డిస్క్ బెండ్ అయింది, మాల్ మంచిది కాదు అంటరు. డిస్క్ మంచిదే, హబ్ రుద్దలే.

తర్వాత బ్రాకెట్. ప్యాడ్ల చెవులు కూసునే క్లిప్పులు పీకి వాటి కింద జంగు గీకాలె, సన్న ఆకురాయి ఉంటే ఇంకా మంచిగ పోతది, ఇనుము తినేదాక రాయొద్దు, జంగు పోయేదాకనే. కొత్త క్లిప్పులు టక్కుమని కూసోవాలె. కొత్త ప్యాడ్ అందుల పెట్టి వేలు తోని నూకితే జరగాలె, సుత్తె తోని కొడితే తప్ప పోవట్లేదంటే జంగు మిగిలినట్టు, లేకుంటే ప్యాడ్ చెవుల మీద పెయింట్ మందం ఉన్నట్టు, అది కొంచెం రాయాలె.

పిన్నులు రెండూ రబ్బర్ బూట్ల (దుమ్ము పోకుండ పెట్టిన తొడుగుల) నుంచి గుంజి తియ్యాలె. ఏది పైది ఏది కిందిది గుర్తు పెట్టుకోండ్రి, కొన్ని బండ్లల్ల ఒకదానికి చివర రబ్బర్ తొడుగు ఉంటది, రెండూ ఒకటి కాదు. పాత గ్రీజు మొత్తం బట్టతోని తుడిచి, పిన్ను దూరే బొక్క లోపల కూడా సన్న పుల్లకు బట్ట చుట్టి తిప్పి తిప్పి తియ్యాలె, నా బండి బొక్కల నుంచి నల్లటి మడ్డి గోలీ అంత వచ్చింది. పిన్ను మీద గీతలు పడి ఉంటే, జంగు గుంటలు ఉంటే కొత్తది కొనుండ్రి, పెద్ద ఖర్చు కాదు. గ్రీజు మాత్రం బ్రేకులకోసం చేసిన సిలికాన్‌దే పెట్టాలె. బేరింగులకు పెట్టే పచ్చ గ్రీజు, ట్రాక్టర్‌కు కొట్టే గ్రీజు ఇంట్ల ఉంటయి, చెయ్యి అటే పోతది, కాని అది రబ్బర్‌ను ఉబ్బిస్తది, ఉబ్బిన రబ్బర్ పిన్నును పట్టేస్తది, మల్ల మొదటికే వస్తం. పల్చగ పూత పూసినట్టు పెడితే చాలు, బొక్క నింపితే గాలి పోయే జాగ లేక పిన్ను ఎనక్కి తన్నుతది. పెట్టినంక వేళ్ల తోని నూకితే నెయ్యి రాసినట్టు జరగాలె, రబ్బర్ బూటు పెదవి పిన్ను మీద ఉన్న గాడిల సక్కగ కూసోవాలె, లేకుంటే మన దుమ్ము లోపలికి పోనీకి వారం పట్టదు.

ఇదంతా చేస్తుంటే నల్ల పొడి వస్తది, గాలి కొట్టి ఎగరగొట్టొద్దు, ముక్కుకు మాస్క్ గని తడి రుమాలు గని కట్టుకోని క్లీనర్ తోని తడిపి తుడవాలె. ప్యాడ్ పొడి ఊపిరితిత్తులకు మంచిది కాదు.

కొత్త డిస్క్ మీద జంగు పట్టకుండ నూనె పూసి పంపుతరు, కొన్నిటికి పూత ఉంటది. నూనె ఉన్నదాన్ని రెండు దిక్కులా బ్రేక్ క్లీనర్ కొట్టి తెల్ల బట్ట తోని తుడవాలె, బట్టకు నలుపు అంటకుండ అయ్యేదాక. క్లీనర్ దొరకకపోతే గిన్నెలు తోమే సబ్బు, వేడి నీళ్ల తోని కడిగి వెంటనే ఆరబెట్టి తుడిచినా నడుస్తది. కిరోసిన్, డీజిల్ తోని కడుగుడు వద్దు, అవి పోయినట్టే అనిపిస్తయి గని జిడ్డు మిగులుతది, ఆ జిడ్డు ప్యాడ్ తాగుతది. హబ్ మీద డిస్క్ పెట్టి రెండు వీల్ నట్లు చేతి తోని ఏసి పట్టిచ్చి ఉంచితే తర్వాతి పని అల్కగ అయితది. బ్రాకెట్ పెట్టి పెద్ద బోల్టులు మాన్యువల్‌ల రాసినంత టార్క్‌కు బిగించాలె. ప్యాడ్ చెవుల మీద, ఎనక రేకు పిస్టన్‌కు తాకే జాగల బ్రేక్ గ్రీజు వేలి కొస తోని కొంచెం రాయాలె, సప్పుడు రాకుండ. ప్యాడ్ ముఖానికి, డిస్క్‌కు గ్రీజు చెయ్యి తగలొద్దు. నేను ప్యాడ్లు పట్టుకునేముందు చేతులు సబ్బు పెట్టి కడుక్కొని వస్త. కాలిపర్ దించి బోల్టులు బిగించినంక స్టీరింగ్ ఈ కొస నుంచి ఆ కొస దాకా తిప్పి చూడుండ్రి, రబ్బర్ పైపు మెలిక పడొద్దు, ఎక్కడా తాకొద్దు.

చక్రం పెట్టేముందు దాని లోపలి ముఖం కూడా బ్రష్ తోని తుడవాలె. నట్లు ఒకదాని పక్కన ఒకటి కాకుండ ఎదురెదురుగ బిగించాలె, ముందు చేతి తోని, తర్వాత పానా తోని, బండి కిందికి దించినంక టార్క్ రెంచి తోని. చిన్న కార్లకు దాదాపు 85 నుంచి 110 న్యూటన్ మీటర్ల దాకా ఉంటది, మీ బండి పుస్తకంల ఎంత రాస్తే అంత. పానా మీద ఎక్కి తొక్కి బిగించే అలవాటు వదులుకోండ్రి, ఒక నట్టు ఎక్కువ ఒకటి తక్కువ అయితే హబ్ రుద్ది సంపాదించిన మంచి అంతా పోతది.

రెండు దిక్కులా అయినంక, బండి కదిలించకముందు, ఇంజన్ స్టార్ట్ చెయ్యకముందు, బ్రేక్ పెడల్ మెల్లమెల్లగ తొక్కుకుంట వదులుకుంట పోవాలె. మొదటి తొక్కుడుకు పెడల్ నేల దాకా పోతది, ఎందుకంటే పిస్టన్ ఎనక్కి ఉన్నది, అది వచ్చి ప్యాడ్‌ను ముట్టాలె. గట్టిపడేదాక తొక్కాలె. ఈ ఒక్కటి మర్చిపోతే బండి ఎనక్కి తీస్తుంటే బ్రేక్ పడదు, గోడో మనిషో ఉంటరు. ఆ తర్వాత ఆయిల్ చూసి పై గీత దాటకుండ పొయ్యాలె. మనం ఆయిల్ పైపు ఎక్కడా ఇప్పలే కాబట్టి గాలి తియ్యాల్సిన పని లేదు, కాని పెడల్ ఇంకా స్పాంజి లెక్క ఉంటే బండి బయటికి తియ్యొద్దు.

బ్రేక్ ఆయిల్ రెండేండ్లు దాటినదైతే ఇదే టైంల మెకానిక్ తోని మొత్తం మార్పియ్యుండ్రి. డాట్ 4 ఆయిల్ కొత్తది కనీసం 230 డిగ్రీల దాక మరగదు, తేమ గుంజుకున్నంక ఆ లెక్క 155 డిగ్రీల దగ్గరికి పడిపోతది. ఘాట్ల డిస్కు వేడి కాలిపర్‌కు ఎక్కి ఆయిల్ మరిగితే బుడగలు వస్తయి, బుడగ నలుగుతది గని బలం అందియ్యది, అందుకే పెడల్ మెత్తగ లోపలికి పోతది. ఆ రోజు దోమలపెంట కింద నా కాలికి తెలిసింది బహుశా అదే, మా ఆయిల్ మార్చి మూడేండ్లు దాటింది.

కొత్త ప్యాడ్లు డిస్క్ తోని కలవాలె, దీనికి పొద్దుపొద్దున ఖాళీ రోడ్డు కావాలె. నేను సాగర్ రోడ్డు దిక్కు పోత, హైవే మీద చెయ్య, ఎనక లారీలు వస్తుంటయి. ముందు ఊర్లనే మెల్లగ రెండు మూడుసార్లు ఆపి చూసి, తర్వాత 50, 60 స్పీడుకు పోయి, ఎనక ఎవరూ లేరని అద్దంల చూసి, ఒక మోస్తరు గట్టిగ తొక్కి 10 స్పీడుకు తేవాలె, పూర్తిగ ఆపొద్దు, వదిలేసి మల్ల స్పీడు పెంచాలె. ఇట్ల ఎనిమిది పదిసార్లు, నడుమ అర కిలోమీటర్ సల్లారనిచ్చుకుంట. కొంచెం వాసన వస్తది, పరవాలేదు. అయిపోయినంక వేడి మీద బ్రేక్ తొక్కి పట్టుకొని నిలబెట్టొద్దు, ప్యాడ్ మందు ఒక్కజాగనే డిస్క్‌కు అంటుకుంటది, ఐదారు కిలోమీటర్లు బ్రేక్ తక్కువ వాడుకుంట ఇంటికి రావాలె. మొదటి రెండు మూడు వందల కిలోమీటర్లు జర నిమ్మళంగ నడపండ్రి, ముంగటి బండికి దూరం ఎక్కువ ఉంచుండ్రి.

ఇంటికి రాంగనే నాలుగు చక్రాల దగ్గరికి చెయ్యి పెట్టి చూడాలె, ముట్టొద్దు, దగ్గరికే. ముంగటి రెండు ఒకే లెక్క వేడి ఉండాలె. ఒకటి బాగ మండుతుంటే మల్ల ఇప్పాల్సిందే, ఎక్కడో పట్టుకుంటుంది. వాన పడి తెల్లారి డిస్క్ మీద ఎర్రటి పొర కనపడితే భయపడొద్దు, నాలుగుసార్లు బ్రేక్ తొక్కితే పోతది. ఏబీఎస్ లైటు వెలిగితే, ఆయిల్ లెవల్ రోజు రోజుకు తగ్గుతుంటే, బండి ఒక దిక్కు గుంజుతుంటే మాత్రం సొంత ప్రయత్నం ఆపి చూపియ్యాలె.

పని అయినంక మొన్న కార్తీకంల మల్ల అదే తొవ్వల శ్రీశైలం పోయినం. ఈసారి దిగుడు మొదలుకాకముందే సెకండ్ గేర్ల పెట్టిన, బ్రేక్ మీద కాలు పెట్టి పట్టుకోకుండ, మలుపు ముందు ఒక్కసారి గట్టిగ తొక్కి వదిలేసుకుంట దిగిన. స్టీరింగ్ వణకలే. బ్రిడ్జి దాటినంక పక్కకు ఆపి రెండు చక్రాల దగ్గర చెయ్యి పెట్టి చూసిన, రెండూ ఒకటే వేడి. అమ్మ ఏం చూస్తున్నవు బిడ్డా అంటే ఏం లేదమ్మా అన్న.

ఇంక ఒకటి, కొత్త ప్యాడ్లు ఏసిన వంద కిలోమీటర్లకు వీల్ నట్లు మల్ల ఒకసారి టార్క్ రెంచి తోని చూడుండ్రి, ఏసిన తేదీ, కిలోమీటర్ల రీడింగ్ ఒక టేప్ ముక్క మీద రాసి బానెట్ లోపలి దిక్కు అంటించుండ్రి. నేను ప్రతి పది వేల కిలోమీటర్లకు చక్రాలు ఇప్పి పిన్నులు జరుగుతున్నయా లేదా వేలు తోని నూకి చూస్త, వానాకాలం పోయినంక అయితే కిలోమీటర్ల లెక్క చూడకుండనే ఇప్పుత.